తడిగుడ్డ

లేతు పనిచేసే టర్నరు నుదుటి మీద పుట్టిన చెమటబొట్టు కనుబొమ్మ దాకా జారి, అక్కడ కాసేపు నిలిచి, ముక్కు పక్కనుంచి దిగి గడ్డం కొసన వేలాడింది. గీటురాయిగారు తూకం మీది చూపు మరల్చి దానినే చూడసాగారు. అది పడింది. అదృష్టవశాత్తు అచ్చులో పడలేదు. అచ్చుకు జానెడు దూరంలో, ఆయన ఆ ఉదయం మూడుసార్లు తుడిచిన రేకుబల్ల మీద పడి చింతగింజంత మచ్చ అయింది. 

"కాస్త వెనక్కి జరిగి నిలబడు," అన్నారు.

టర్నరు జరిగాడు. భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆ తువ్వాలు మొదట ఏ రంగుదో దాన్ని నేసినవాడు కూడా చెప్పలేడు.

గీటురాయి అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. యంత్రాల కర్మాగారంలో తనిఖీ విభాగానికి అధిపతిగా ఉన్నప్పుడు కార్మికులు చాటున పెట్టుకున్నది. ఆ సంగతి తెలిసి, వాళ్ళు తిట్టుగా పెట్టినదాన్ని ఆయన బిరుదుగా పుచ్చుకున్నారు. ఆయన బల్ల మీద ఓడిన వస్తువుకు ఎర్రరంగు బొట్టు పడేది. ఎర్రబొట్టు పడినదాన్ని మళ్ళీ బల్ల మీదకు తేరాదని నియమం. ఆ బల్ల ముందు ఈ టర్నరు కూడా ఇరవై ఏళ్ళు చేతులు కట్టుకుని నిలబడినవాడే. కర్మాగారం మూతపడ్డాక రెండు వీధుల అవతల రేకుల కొట్టంలో సొంతంగా, లోహాన్ని తిప్పి చెక్కే లేతు మిషను పెట్టుకున్నాడు.

ఇప్పుడు బల్ల మీద ఉన్నవి అతడు తిప్పి తెచ్చిన అల్యూమినియం అచ్చులు. నాలుగు గుంటలు, నాలుగింటి నడుమా నాలుగు ఉక్కు గొట్టాలు. గీటురాయిగారు గీసిన కాగితానికీ ఆ అచ్చులకూ వెంట్రుకవాసి తేడా లేదు. అది ఆయన మైక్రోమీటరుతో కొలిచి చూసి, ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఆయన మెచ్చుకోలు.

గీటురాయిగారి ఇంటి షెడ్డు మధ్యన నాలుగు ఇనుపపీటల మీద కారు నిలబడి ఉంది. ఆరేళ్ళుగా ఆయన తన చేతులతో కట్టుకున్న కారు. చాసీ అనే అడుగు చట్రం అతికింది ఆయనే, రేకు వంచింది ఆయనే. కొట్లో అమ్మే కార్లను చూస్తే ఆయనకు రోత. ఆ అతుకులు పిల్లలు ముద్ద అన్నం మెత్తినట్లు ఉంటాయనేవారు. అంతా అయ్యాక చక్రాల దగ్గర వచ్చింది చిక్కు. చక్రాన్ని పట్టి ఉంచే ఇనుపచేయి చాసీతో కలిసేచోట, ఇనుమూ ఇనుమూ రాసుకోకుండా నడుమన ఒక మెత్తని తొడుగు ఉండాలి. దాన్ని బుష్ అంటారు. బజారులో కొన్న రబ్బరు బుష్‌ను ఆయన రెండు వేళ్ళ మధ్య వంచి చూస్తే మడమ పగుళ్ళలా నోళ్ళు తెరిచింది. దాన్ని పట్టకారుతో పట్టుకుని చెత్తబుట్టలో వేసి, చేతులు కడుక్కుని, పాలీయురేథేన్ తెప్పించుకున్నారు. రెండు జతల డబ్బాలు వచ్చాయి. ప్రతి జతలోనూ ఒక డబ్బాలో తేనెలాంటి ద్రవం, రెండో దానిలో పలచని గోధుమరంగు ద్రవం. తూచి కలిపి అచ్చులో పోస్తే గట్టిపడి, రబ్బరుకు తాతలాంటి వస్తువు అవుతుంది.

డబ్బాలతో వచ్చిన సూచనల కాగితం ఇంగ్లీషులో ఉంది. గీటురాయిగారు కళ్ళజోడు సవరించుకుని మొత్తం చదివి, అక్కడక్కడ వ్యాకరణదోషాలకు ముఖం చిట్లించి, టర్నరుకు కావలసిన మేరకు తెలుగులో చెప్పారు. నూటికి నలభై రెండు పాళ్ళు, తూకం ప్రకారం. అచ్చు ఎనభై డిగ్రీల వేడిలో ఉండాలి. కలిపాక ఎనిమిది నిమిషాల్లో పోసెయ్యాలి. పాత్ర, పుల్ల, అచ్చు, అన్నీ పరిశుభ్రంగా ఉండాలి.

"ఇంకేం రాశాడు సార్?" అని టర్నరు అడిగాడు.

"నీకు కావలసింది అంతే."

పరిశుభ్రత విషయంలో ఆయనకు ఒకరు చెప్పవలసిన పని లేదు. తెల్లని నూలుగుడ్డ వేడినీళ్ళలో ముంచి, పిండి, నాలుగు మడతలు పెట్టి ఎడమచేతి పక్కన ఉంచుకోవడం కర్మాగారం నాటి అలవాటు. తుడవకుండా ఏ వస్తువునూ కొలిచి ఎరుగరు. ఇప్పుడూ కలిపే చెక్కపుల్లలను వేడినీళ్ళలో నానబెట్టి కడిగారు. పాత్రను లోపలా బయటా తుడిచారు. డబ్బాల మూతులు తుడిచారు. చెమటబొట్టు పడినచోట రెండుసార్లు తుడిచి, గుడ్డ మడత మార్చి, కలిపే పాత్రను మళ్ళీ ఒకసారి తుడిచారు.

"సార్, ఆ పుల్ల ఆరిందా?" అన్నాడు టర్నరు.

"ముందు నీ మొహం ఆరబెట్టుకో."

టర్నరు నవ్వబోయి మానుకున్నాడు. తేనెరంగు ద్రవంలోకి గోధుమరంగుది సన్నని ధారగా దిగింది. గీటురాయిగారు గాలి చేరకుండా, నిద్రపోతున్న పసివాడి ఊయల ఊపినంత మెల్లగా కలిపారు. నలుగు పెట్టినట్లు మైనం రాసిన వేడి అచ్చులను టర్నరు తొడుగు వేసుకున్న చేతులతో ఒంచి పట్టుకున్నాడు. ఆయన ఒక పక్క గోడ వెంబడి పోశారు. నాలుగు గుంటలూ నిండాయి. అచ్చు పాత విద్యుత్ పొయ్యిలోకి వెళ్ళింది. ఆ పొయ్యి వంటింట్లోనుంచి వచ్చింది. దాన్ని షెడ్డుకు పంపేటప్పుడే ఇల్లాలు, ఇక దానిలో తాను నీళ్ళు కూడా కాచనని ఒట్టు పెట్టుకుంది.

చేతులు కడుక్కుంటూ ఉండగా టర్నరు గొంతు సవరించుకున్నాడు. నెలాఖరుకు కొట్టం పడగొడతారట. స్థలం గలవాడు వేరే కట్టడం మొదలుపెడుతున్నాడు. లేతును ఎక్కడికి ఈడ్చుకుపోవాలో తెలియడం లేదు. ఈలోగా ఊరి టెక్నికల్ కాలేజీలో లేతు పని నేర్పే మాస్టరు కావాలంటున్నారు. అక్కడి వర్క్‌షాపు అధిపతి గీటురాయిగారి దగ్గర పని నేర్చుకున్నవాడే.

"మీరొక్క మాట చెబితే చాలంటున్నారు సార్. నాకు ఇంకో దారి లేదు."

"చూద్దాం," అన్నారు గీటురాయిగారు, సబ్బు నురుగులోనుంచి తలెత్తకుండా.

మరునాడు ఉదయం అచ్చు విప్పారు. పైకి నాలుగూ నిగనిగలాడుతూ వచ్చాయి. టర్నరు ముఖం వికసించింది. గీటురాయిగారు పైమెరుపును నమ్మే మనిషి కారు. ఒకదాన్ని గుండ్రని బిగింపులో పెట్టి రంపంతో అడ్డంగా కోశారు.

లోపలంతా బెజ్జాలు. ఆవగింజంతవి, కొన్ని మినుములంతవి, గుంపులు గుంపులుగా, చెదలు తిన్న దుంగలోలాగ. వేలితో నొక్కితే కొంచెం కొంచెంగా నోళ్ళు తెరుచుకుని మూసుకున్నాయి. ఆయన వేలు వెనక్కి లాక్కుని గుడ్డకు రాసుకున్నారు. తక్కిన మూడూ కోశారు. నాలుగూ ఒకే తీరు. బల్ల సొరుగులోనుంచి ఎర్రరంగు సీసా తీసి, ఎనిమిది ముక్కలకూ ఎనిమిది బొట్లు పెట్టారు.

"అచ్చులో ఏం పోశావు?" అన్నారు.

"నేనేం పోస్తాను సార్? పోసింది మీరు."

"చెమట పోశావు. నిన్న నా కళ్ళారా చూశాను."

"బల్ల మీద పడింది సార్. అచ్చులో పడలేదు."

"నేను చూసింది ఒకటి. చూడనివి ఎన్నో." గీటురాయిగారి గొంతు పెరగలేదు, తగ్గింది. కర్మాగారంలో ఆ తగ్గింపుకు భయపడనివాడు లేడు. "ఇరవై ఏళ్ళు నా బల్ల ముందు నిలబడ్డావు. శుభ్రత అనే ముక్క నీకు అంటలేదు. ఆ తువ్వాలు చూసుకో. ఆ గోళ్ళు చూసుకో. పని మంచిదే. కానీ పనితోపాటు నీ ఒంటి మడ్డి కూడా ఇచ్చిపోతావు."

టర్నరు తన గోళ్ళవంక చూసుకున్నాడు. అవి నల్లగా ఉన్నాయి. ముప్పై ఏళ్ళుగా నల్లగానే ఉన్నాయి. ఒక కోసిన ముక్కను తీసుకుని వెలుగుకేసి తిప్పి చూసి, ఏదో అనబోయి, ఆయన ముఖం చూసి మానేశాడు. ముక్కను చొక్కా జేబులో వేసుకుని, అచ్చుకు పట్టిన మైనాన్ని గోటితో గీకి శుభ్రం చేసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ గోటితో గీకడాన్ని కూడా గీటురాయిగారు సహించలేకపోయారు. అచ్చును వేడినీళ్ళలో వేశారు.

భోజనాల దగ్గర ఇల్లాలికి అంతా చెప్పారు. ఆమె విని, "వాడి చెమట బొట్టుకే అన్ని కన్నాలు పడితే, వాడు పనిచేసిన కర్మాగారం ఈపాటికి జల్లెడ అయి ఉండాలి," అంది. ఆయన విననట్లు మజ్జిగ తాగారు.

బుధవారం సాయంకాలం శిష్యుడు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో మూడు కలాలు. కాలేజీ వర్క్‌షాపు మొత్తం ఇప్పుడతని చేతుల్లో ఉంది. అయినా గీటురాయిగారి ముందు కుర్చీ అంచునే కూర్చున్నాడు. కాఫీ అయ్యాక సంగతికి వచ్చాడు. ఇద్దరు మిగిలారట. ఒకడు కుర్రవాడు, చేతిలో సర్టిఫికెట్లు ఉన్నాయి, పని అంతంతమాత్రం. రెండోవాడు మన టర్నరు.

"మీరు వాణ్ణి ఎరుగుదురు కదా సార్. మీ మాట చాలు నాకు."

 గీటురాయిగారి కళ్ళముందు ఆ చెమటబొట్టు జారడం, వేలాడడం, పడడం మరొకసారి జరిగాయి. నాలిక మీద చేదు ఊరింది. తాను అబద్ధం చెప్పబోవడం లేదని తనకు తాను చెప్పుకున్నారు. నిజమే చెబుతున్నానన్న నమ్మకం ఆయనకు ఎన్నడూ తప్పలేదు.

"పని వచ్చు. అందులో సందేహం లేదు," అన్నారు. "కానీ చేతికి శుభ్రత లేదు. మొన్న నా పనే పాడుచేశాడు. పైకి చూస్తే నిగనిగ, కోస్తే లోపల పురుగుతిన్న కాయ. పైగా నేనెరగనన్నాడు. తడిగుడ్డతో గొంతు కోసే రకం. పిల్లలకు అలాంటివాడు నేర్పితే, నేర్చుకునేది పనొక్కటే కాదు."

శిష్యుడు తల ఊపాడు. బాధపడినట్లే ఊపాడు. ఎర్రబొట్టు పడిందన్న మాట అతను అనలేదు కానీ, లేచేటప్పుడు అతని ముఖంలో ఆ మాటే ఉంది. గీటురాయిగారు గుమ్మందాకా సాగనంపి, ఒక కష్టమైన కర్తవ్యం నెరవేర్చినవారి నడకతో షెడ్డుకు తిరిగివచ్చారు.

గురువారం ఒక్కరే పోశారు. షెడ్డు తలుపు లోపల గడియ పెట్టుకున్నారు. నేల కడిగించారు. పుల్లలను ఈసారి రెండు నీళ్ళలో నానబెట్టారు. పాత్రను తుడిచారు, అచ్చును పొయ్యిలోనుంచి తీశాక కూడా తుడిచారు. వేడి అచ్చు మీద గుడ్డ చుయ్యిమని ఆవిరి లేపింది. ఆ ఆవిరిని చూసి ఆయనకు తృప్తి కలిగింది. సూక్ష్మక్రిమి కూడా బతకదు, అనుకున్నారు. తూచారు, కలిపారు, పోశారు. ఎనిమిది నిమిషాలకు ఒక నిమిషం ముందే పూర్తయింది.

తలుపు మూసిన పొయ్యి గాజులోనుంచి చూస్తూ ఉండగానే అది మొదలైంది. నాలుగు గుంటల్లోనూ ద్రవం మెల్లగా తల ఎత్తింది. పాలు పొంగినట్లు గుమ్మటంగా లేచి, అచ్చు అంచు దాటి, పొయ్యి తట్ట మీదకు జారింది. అక్కడ కూడా ఆగక, బుడగలు మింగుతూ కక్కుతూ, గాయం మీది చీములాంటి రంగులో గడ్డకట్టింది. గీటురాయిగారు కుర్చీలోనుంచి లేవలేదు. ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకున్నారు. గుడ్డ తడిగా, చల్లగా ముఖానికి అంటుకుంది.

షెడ్డులో టర్నరు లేడు. టర్నరు చెమట లేదు. టర్నరు గోళ్ళు లేవు.

ఇల్లాలు వాసనకు వచ్చి తలుపు కొట్టింది. ఆయన గడియ తీశారు. ఆమె పొయ్యిలోకి తొంగి చూసి, దాని చావు చూడ్డానికి వచ్చిన బంధువులా నిట్టూర్చింది.

"ఇవాళ ఎవరి చెమటండీ?"

 ఆమె బల్ల మీది సూచనల కాగితం తీసుకుంది. ఆమె చదువు పదో తరగతితో ఆగింది. ఇంగ్లీషు అక్షరాలను కూడబలుక్కుంటూ, వేలు పెట్టి చదువుతుంది. ఆ వేలును చూస్తే ఆయనకు ఎప్పుడూ చిరాకే. ఈసారి ఆ వేలు మూడో పంక్తిలో ఆగింది.

"క్లీన్ అండ్ డ్రై," అంది. "క్లీన్ అంటే తెలుసు. డ్రై అంటే ఏమిటండీ?"

"పొడిగా అని. అది..." అని ఆయన ఆగిపోయారు.

"పొడిగా అంటే తడిగుడ్డ పెట్టడమా మీ ఇంగ్లీషులో?"

ఆమె నవ్వుతూ అడిగింది కానీ, భర్త ముఖం చూసి నవ్వు దించుకుంది. ఆయన కాగితం తీసుకున్నారు. ఆ పంక్తి కింద మరొక పంక్తి ఉంది, చిన్న అక్షరాల్లో. తేమ ఏమాత్రం తగిలినా బుడగలు వచ్చి పోత చెడుతుంది. సోమవారం తాను ఈ పంక్తిని చదివారు. 'ఏమాత్రం' అన్నచోట వ్యాకరణం తప్పని గుర్తు పెట్టుకోవడం కూడా గుర్తుంది. చదివి, శుభ్రత అంటే తనకు తెలిసిన శుభ్రతేనని, తడిపి తుడవడమేనని, మిగతా మాటను నేలమీద పడిన ముక్కలా వదిలేశారు. ఆ పుల్ల ఆరిందా అని ఒక మనిషి అడిగాడు. చదువురానివాడు అడిగాడు.

శుక్రవారం రెండో జత డబ్బాలు విప్పారు. చెక్కపుల్లకు బదులు ఉక్కుకడ్డీ. దాన్నీ, పాత్రనూ పొయ్యిలో అరగంట ఉంచారు. తెల్లగుడ్డను తీసి షెడ్డు బయట తీగ మీద వేశారు. ఎడమచేయి పనిమధ్యలో నాలుగుసార్లు దాని కోసం వెతికింది. దొరకక బల్ల అంచు పట్టుకుంది. బల్ల మీద ధూళి ఉంది. కంటికి కనబడుతూనే ఉంది. ఆయన పళ్ళబిగువున దాన్ని ఉండనిచ్చారు.

శనివారం ఉదయం కోసిన ముక్క తేనెగడ్డలా ఉంది. వెలుగు ఇటు పడితే అటు తేలింది. ఒక్క బుడగ లేదు. అచ్చు అంచుల గీత ఎక్కడుందో వేలితో తడిమినా అందలేదు. అంత నిక్కచ్చిగా చేశాడు టర్నరు. ఆరేళ్ళుగా ఎదురుచూసిన వస్తువు చేతిలో ఉండగా గీటురాయిగారికి సంతోషం రాలేదు.  బుధవారం తాను అన్న మాటలు ఒక్కొక్కటే, ఎవరో ఎంగిలి మెతుకులు తన పళ్ళెంలో విదిలించినట్లు తిరిగి వచ్చాయి. తడిగుడ్డతో గొంతు కోసే రకం. ఆ మాట అన్నప్పుడు ఆ గుడ్డ తన బల్ల మీదనే ఉంది.

రెండు ముక్కలను, బెజ్జాలది ఒకటి, తేటది ఒకటి, కాగితంలో చుట్టుకుని కాలేజీకి వెళ్ళారు.

శిష్యుడు లేచి తన కుర్చీనే చూపించాడు. గీటురాయిగారు కూర్చోలేదు. నిలబడే, ముక్కలు రెండూ బల్ల మీద పెట్టి, జరిగింది జరిగినట్లు చెప్పారు. తప్పు అచ్చుది కాదు, టర్నరుది కాదు. కాగితం చదివింది తాను, తడిగుడ్డ పెట్టింది తాను, అడిగినవాడి నోరు మూసింది తాను. ఇంత స్పష్టంగా తన జీవితంలో ఏ నివేదికా ఆయన చెప్పి ఉండలేదు.

శిష్యుడి కళ్ళు చెమ్మగిల్లాయి.

"మీ మంచితనం సార్," అన్నాడు. "వాడి పొట్ట కొట్టడం ఇష్టంలేక తప్పు మీ నెత్తిన వేసుకుంటున్నారు. ఈ కాలంలో ఎవరు సార్ ఇలా?"

"మంచితనం కాదు. నిజం చెబుతున్నాను."

"నాకు తెలియదా సార్ మీ సంగతి? మీ చేతికింద పెరిగాను." అతను ముక్కలు చూడను కూడా చూడలేదు. మర్యాదగా కాగితంలో చుట్టి తిరిగి ఇచ్చాడు. "గురువారమే ఆ కుర్రవాడి పేరు పైకి పంపించేశాను. పై సంతకం కూడా అయింది. అయినా ఎర్రబొట్టు పడినదాన్ని రెండోసారి బల్ల మీదకు తేకూడదని మాకు నేర్పింది మీరే కదా."

గీటురాయిగారు అతని జేబులోని మూడు కలాలవంక చూస్తూ ఉండిపోయారు. మూడింటిలో ఒకటి ఎర్రది. తాను నేర్పిన చదువు ఎదురుగా నిలబడి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తనకు దండం పెడుతోంది. మరొకసారి చెప్పారు. శిష్యుడు మరొకసారి పొగిడాడు. మూడోసారి చెబితే విగ్రహం కట్టించేలా ఉన్నాడని తోచి ఆయన బయటికి వచ్చారు.

టర్నరు కొట్టం దగ్గరికి నడిచే వెళ్ళారు. లోపల నూనె వాసన, కాలిన ఇనుము వాసన, చెమట వాసన. నేలమీద ఇనుపరజను చెప్పుల కింద కరకరలాడింది. ఆ శబ్దానికి ఆయన ఒళ్ళు ఎప్పటిలాగే ముడుచుకుంది. పశ్చాత్తాపం వచ్చింది కదా అని రోత పోలేదు. అది ఆయనకు ఆశ్చర్యం కలిగించింది.

టర్నరు లేతు ఆపాడు. స్టూలు తువ్వాలుతో దులిపి వేశాడు. గీటురాయిగారు కూర్చున్నారు. శిష్యుడి దగ్గర చెప్పిందంతా మళ్ళీ చెప్పారు. బుధవారం తాను అన్న మాట కూడా, గొంతు కోసే రకం అన్నది కూడా, దాచకుండా చెప్పారు.

టర్నరు చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు. ఆ తర్వాత చొక్కా జేబులోనుంచి ఎర్రబొట్టు పడిన ముక్క తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ రోజే అనుకున్నాను సార్, తడేనని. బెజ్జాలు గుండ్రంగా ఉన్నాయి. మురికైతే మచ్చ పడుతుంది, బెజ్జం పడదు."

"చెప్పవలసింది."

"మీకా సార్?" అన్నాడు టర్నరు. అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగా అడిగినట్లే అడిగాడు.

గీటురాయిగారు తల దించుకున్నారు. కాలేజీ సంగతి తన చేతుల్లో లేదనీ, షెడ్డు మాత్రం తనదేననీ చెప్పారు. గోడపక్కన లేతుకు సరిపడే చోటు ఉంది, కరెంటు ఉంది. కారును బయటికి తోస్తే ఇంకా చోటు వస్తుంది. నెలాఖరుదాకా ఆగనక్కరలేదు.

"ఉపకారమా సార్?" అని టర్నరు అడిగాడు.

"కాదు. రోజూ ఆ ఇనుపరజను తొక్కాలి నేను. ఆ వాసన పీల్చాలి. ఉపకారం చేసేవాడికి ఇంత అసహ్యం ఉండదు."

టర్నరు మొదటిసారి ఆయన ముఖంలోకి సూటిగా చూశాడు. ఆలోచించి చెబుతానన్నాడు.

ఆదివారం పొద్దున్నే వచ్చాడు. సరే అనలేదు, కాదనలేదు. ముందు బుష్షులు ఎక్కిద్దాం, అప్పుడు కదా బండి కదిలేది, అన్నాడు. శనివారం సాయంత్రం పోసిన విడత కూడా అచ్చుల్లోనుంచి వచ్చి తేటగా ఉంది. ఇద్దరూ ఇనుపచేతులను ఒక్కొక్కటే విప్పి బిగింపులో పెట్టారు. టర్నరు బుష్షుకు గ్రీజు రాశాడు. గీటురాయిగారు మరను తిప్పారు. మొదటిది మొండికేసి, ఒక్కసారిగా, గొంతులోకి జారిన ముద్దలా లోపలికి దిగింది. మధ్యాహ్నానికి అన్నీ దిగాయి. ఇనుపచేతులు చాసీకి, చక్రాలు ఇనుపచేతులకు బిగిశాయి. ఇనుపపీటలు ఒక్కొక్కటే తీశారు. కారు ఆరేళ్ళలో మొదటిసారి తన కాళ్ళమీద నిలబడింది. టర్నరు ముందుభాగం మీద రెండు చేతులూ ఆనించి నొక్కి వదిలాడు. అది కిక్కురుమనకుండా దిగి, కిక్కురుమనకుండా లేచింది. తెల్లరేకు మీద పది నల్లని వేలిముద్రలు పడ్డాయి.

గీటురాయిగారి ఎడమచేయి దానంతట అదే పక్కకు వెళ్ళింది. గుడ్డ లేదు. చేయి వెనక్కి వచ్చింది.

ఇద్దరూ తోశారు. కారు గడప దాటి, వాకిట్లోకి దిగి, పన్నెండడుగులు దొర్లి గోడ పక్కన ఆగింది. ఇల్లాలు వంటింటి కిటికీలోనుంచి చూసింది.

"మొత్తానికి మీ రథం కదిలింది. ఎందాకా ప్రయాణం?"

"గోడ దాకా," అన్నారు ఆయన.

ఖాళీ షెడ్డు పెద్దదిగా ఉంది. నాలుగు ఇనుపపీటల మచ్చలు తప్ప నేల తెల్లగా మెరుస్తోంది. టర్నరు లోపలికి వెళ్ళి, అడుగులతో కొలిచి, లేతు తల ఎటు ఉండాలో, వెలుగు ఎటునుంచి పడాలో చూసుకున్నాడు. నేలకేసి చూసి, తన చెప్పులకేసి చూసి, గుమ్మం దగ్గర విడిచి వచ్చాడు.

"చెప్పులు ఉంచుకో. రజను గుచ్చుకుంటుంది," అన్నారు గీటురాయిగారు. ఆ మాట అనడానికి ఆయనకు కష్టమైంది. కష్టమైనట్లు టర్నరుకు కనబడింది కూడా.

"మీకొక సంగతి చెప్పాలి సార్," అన్నాడు టర్నరు. "కర్మాగారంలో మీరు తడిగుడ్డతో తుడిచి, కొలిచి, పాసు చేసి వెళ్ళాక, మేము ప్రతి సామానుకూ మళ్ళీ నూనె రాసేవాళ్ళం. మీకు తెలియకుండా. లేకపోతే తెల్లారేసరికి తుప్పు. ఇరవై ఏళ్ళు రాశాను."

గీటురాయిగారు గోడకు చేయి ఆనించారు. తన బల్ల మీదనుంచి వెళ్ళిన ఏ వస్తువూ తుప్పుపట్టి తిరిగి రాలేదని ఆయన పదవీవిరమణ సభలో చెప్పుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఈ చేతులు కూడా అక్కడ ఎక్కడో వెనక వరుసలో చప్పట్లు కొట్టే ఉంటాయి.

"ఎవరూ చెప్పలేదే," అన్నారు చివరకు.

 టర్నరు చెప్పులు వేసుకుని వచ్చి, షెడ్డు నడుమ నిలబడ్డాడు. నుదుటి మీద చెమట పుట్టింది. అది జారి, వేలాడి, తెల్లని నేలమీద పడింది. ఇద్దరూ చూశారు. ఇద్దరిలో ఎవరూ కదలలేదు.

"రేపు తెస్తాను సార్," అన్నాడు. "ఒక్కటే షరతు."

"చెప్పు."

"నా లేతును మీరు తుడవకూడదు."